రెండు చెవుల కెమెరా

నలభై రెండు వేలు.
ఇరవై నా భార్య లోకేశ్వరి చీటీ పాడినవి,
పదకొండు పాత కెమెరా అమ్మితే వచ్చినవి,
మిగతా పదకొండు పాతపట్నం పెళ్లివాళ్ళు
రేపిస్తాం రేపిస్తామని ఎనిమిది నెలలకి తీర్చిన బాకీ.
లోపలి జేబులో పెట్టి దారంతో కుట్టేసి
కాశీనగర్‌లో తెల్లారకముందే
బరంపురం బస్సెక్కాను.

తోడు తవిటయ్య. లైటు పట్టే కుర్రాడు.
కుర్రాడంటే నలభై ఏళ్ళు.
హేలోజన్ పట్టీ పట్టీ
కుడిచెయ్యి ఎడమచెయ్యి కన్నా నల్లబడిపోయింది.
దారంతా ఒకటే మాట:
"బుజం మీదకెక్కేదే కొను బావా.
అరిచేతిలో ఇమిడేది అట్టుకెల్తే
పెళ్లోరు కుర్చీ అయినా ఎయ్యరు,
ఆకరి పంక్తిలో బోయినం."

నిజమే.
పెద్ద కెమెరాకి పెళ్లికొడుకు తండ్రే పక్కకి జరుగుతాడు.
చిన్నదానికి, ఫోనున్న ప్రతి మేనల్లుడూ అడ్డమే.

బిసోయి బాబు మూడు తీసి గాజుబల్ల మీద పెట్టాడు.
ఒడియాలో కూర్చోమన్నాడు, తెలుగులో ధర చెప్పాడు.
మా వైపు బేరాలన్నీ ఇంతే,
మర్యాద ఒక భాషలో, లెక్క ఇంకో భాషలో.

మొదటిది భుజానికెక్కేది.
ఎత్తుకుంటే బియ్యం బస్తా అంత గౌరవం.
లోపల టేపు.
టేపులు ఇప్పుడెక్కడ దొరుకుతాయంటే
బిసోయి బాబు ఫ్యాను వైపు చూశాడు.

రెండోది చీకట్లో చూడగలదు.
వెనకగదిలో అట్టపెట్టెల సందున
టీ తాగుతున్న కాపలా తాత మీద పెడితే
గ్లాసు అంచు మీది ఈగ కూడా దొరికింది.
తవిటయ్య ఒక్కసారే చూశాడు.
మరి మాట్లాడలేదు.

మూడోదాని జూమ్ పొట్టి.
తెర మీద ఒక చుక్క చచ్చిపోయి ఉంది.
చేతిపట్టీ ఎవరి చెమటకో అరిగిపోయింది.
కానీ పక్కన రెండు మైకు కంతలు,
దేని ముల్లు దానిది.
ఒక మైకు నా చేతికిచ్చి
ఇంకోటి వీధి గుమ్మంలో పెట్టాడు.
కుడి చెవిలో నా ఊపిరి,
ఎడమ చెవిలో రిక్షా గంట,
అరటికాయలకి రూపాయి తగ్గమంటున్న ఒకావిడ.

పన్నెండేళ్ళ నా పెళ్ళిళ్ళలో
బాజాలు తప్ప ఏవీ వినపడవు.
పంతులి పెదాలు కదుల్తాయి,
తల్లి పెదాలు కదుల్తాయి,
వాటి మీద నేనొక సినిమా పాట కప్పి
పెట్టెలో పెట్టి ఇచ్చేసేవాణ్ణి.

ముప్పై తొమ్మిదికి తెగింది.
మిగిలిన మూడుతో రెండో మైకు, తీగ.
"మరి చీకటో?" అన్నాడు తవిటయ్య.
"నువ్వున్నావు కదా."
బరంపురం అప్పడాల కట్ట ఒళ్ళో పెట్టుకుని
బస్సు కిటికీలోంచి చాలాసేపు బయటికే చూశాడు.

మొదటి పెళ్లి గుణుపురంలో.
ముహూర్తం రాత్రి రెండూ నలభై.
ఒక మైకు పంతులి కండువాకి,
ఇంకోటి పీటల పక్కన, బంతిపూల దండ చాటున.
జీలకర్ర బెల్లం పెట్టిన చేతులు
తలల మీద ఉండగానే కరెంటు పోయింది.
జనరేటరు తాడు లాగుతున్నారు, లాగుతూనే ఉన్నారు.
తవిటయ్య చేతిలో లైటు చల్లారింది.
కెమెరా కంట్లో నలుపు, ఉత్త నలుపు.
నేను ఆపలేదు.

చెవుల్లో
పక్కింటి ఒడియా ఆడవాళ్ళ హుళహుళి,
"అగ్గిపెట్టి ఏదర్రా",
మంత్రం మధ్యలో పంతులి దగ్గు.
తరవాత గాజులు.
ఆ తరవాత, దండ చాటు మైకుకి మరీ దగ్గరగా,
"కాళ్ళు తిమ్మిరెక్కినాయా?
నాకైతే ఎక్కినాయి.
సాపుకో, ఎవరూ సూడ్డంనేదు."
అతని నవ్వు,
ఆపుకోబోయి ముక్కులోంచి వచ్చేసిన నవ్వు.

మూడు నిమిషాలు.
పెళ్లికూతురి మేనమామ ఫోను చేశాడు:
"ఏటయ్యా, డబ్బులిచ్చి సీకటి కొనుక్కున్నామా?
అది కోసేసి పాటెట్టు.
నేదంటే వెయ్యి తగ్గించుకుంటాం."

తగ్గించుకోమన్నాను.

లోకేశ్వరి చీటీల పుస్తకం తీసి,
కళ్ళద్దాలు వెతుక్కుని,
నా మొహం చూడకుండా రాసింది:
చీకటి ఖర్చు, వెయ్యి.